సొంత జాగ లేని కిరాయిదారుకు సర్కారు ఇల్లు: హైదరాబాద్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ కాగితం ఎందుకు కావాలి

మా బస్తీలో ఇడ్లీ బండి పెట్టే అక్క పదకొండేళ్లలో ఆరు గదులు మారింది. ఆరూ రెండు కిలోమీటర్ల లోపలే. ఒకచోట ఓనర్ కొడుకు పెళ్లని ఖాళీ చేయించారు, ఒకచోట కిరాయి ఒక్కసారే వెయ్యి పెంచారు, ఇంకోచోట వానాకాలంలో రేకుల కింద నీళ్లు నిలిచాయి. సర్కారు ఇంటికి పెట్టుకున్న దరఖాస్తు మీద విచారణకు సిబ్బంది వచ్చారు. కానీ వాళ్లు వెళ్లింది ఆమె ఖాళీ చేసిన నాలుగో గదికి. అక్కడ కొత్తగా దిగినతను ‘ఆ పేరు గల్లోళ్లు ఎవరూ లేరన్నా’ అన్నాడు. అతని తప్పేమీ లేదు. చిరునామాలో లేరని రాసుకుని వాళ్లు వెళ్లిపోయారు. ఆ సంగతి అక్కకు ఏడాదిన్నర తర్వాత తెలిసింది.

ఆమెకు ఇల్లు లేదు, జాగ లేదు, తెల్ల కార్డు ఉంది. అర్హతకు ఏ లోటూ లేదు. అధికారులు వచ్చిన రోజు ‘ఈమె ఇక్కడే ఉంటుంది’ అని చెప్పే కాగితంగానీ మనిషిగానీ లేకపోవడం వల్లే అవకాశం పోయింది. ఆదివారాలు కమ్యూనిటీ హాల్లో కూర్చుని దరఖాస్తులు నింపే నాకు ఈ కథ ఎన్నోసార్లు ఎదురైంది. సొంత జాగ ఉన్నవాళ్లు ఎక్కడికీ కదలరు కాబట్టి వాళ్ల కాగితాలూ కదలవు. మనం గది మారినప్పుడల్లా కాగితాలు వెనకబడిపోతాయి. అందుకే ఈ మార్గదర్శిలో సగం కాగితాల గురించే ఉంటుంది.

మొదటి మెట్టు: మీకు ఏ దారి ఉందో తేల్చుకోండి

ముందుగా ఒక మాట. నెలనెలా కిరాయి డబ్బు చేతికిచ్చే పథకం మన దగ్గర లేదు. చాలామంది అదే అడుగుతారు. ఉన్న సాయమంతా ఇల్లు ఇవ్వడం, ఇల్లు కట్టుకోవడానికి డబ్బివ్వడం, లోను వడ్డీలో కొంత భరించడం రూపంలోనే ఉంది. కిరాయి ఇంట్లో ఉండగానే అందే సాయం ఒకటుంది. అది కరెంటు బిల్లు, దాని సంగతి ఐదో మెట్టులో చెప్తాను.

తెలంగాణలో ఇప్పుడు నడుస్తున్నది ఇందిరమ్మ ఇళ్ల పథకం. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైంది. సొంత జాగ ఉన్నవాళ్లకు 5 లక్షల రూపాయలు విడతలుగా ఇస్తారు. మొదట ప్రకటించిన లెక్క ప్రకారం బేస్‌మెంట్ అయ్యాక లక్ష, గోడలు లేచాక లక్షా పాతిక వేలు, స్లాబ్ పడ్డాక లక్షా డెబ్బై ఐదు వేలు, అంతా పూర్తయ్యాక మిగతా లక్ష. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. దరఖాస్తుల్ని జాబితాలుగా విడగొట్టారు. సొంత జాగ ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్1లోకి, జాగా ఇల్లూ రెండూ లేనివాళ్లు ఎల్2లోకి వెళ్లారు. ఊళ్లలో ఎల్1 వాళ్ల ఇళ్లు లేస్తున్నాయి. హైదరాబాద్‌లో దరఖాస్తు పెట్టినవాళ్లలో ఎక్కువమంది ఎల్2. అంటే మన చేతికి 5 లక్షలు ఇచ్చినా కట్టుకోవడానికి చోటు లేదు. మనకు కావాల్సింది కట్టిన ఇల్లు.

కట్టిన ఇళ్లు ఎన్ని? 2015లో మొదలైన డబుల్ బెడ్‌రూం పథకం కింద హైదరాబాద్‌కు లక్ష ఇళ్లు అనుకున్నారు. ఒక్కొక్కటి 560 చదరపు అడుగులు. దరఖాస్తులు ఏడు లక్షలు దాటాయి. లక్ష ఇళ్లూ ఇచ్చినా ఏడుగురిలో ఒకరికి దక్కుతుంది. ఊరి మధ్య సర్కారు జాగ లేక చాలా ఇళ్లు శివార్లకు పోయాయి. కొల్లూరులో ఒక్కచోటే 15,660 ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. బస్తీ ఉన్నచోటే పాత ఇళ్లు తీసి కొత్తవి కట్టినవీ ఉన్నాయి. సికింద్రాబాద్ బోయిగూడలోని ఐడీహెచ్ కాలనీలో 396 ఇళ్లు 2015లోనే అలా కట్టారు. ఎవరూ పని వదులుకోకుండా, పిల్లలు బడి మారకుండా జరిగిన పని అది. అలాంటివి ఇంకా రావాలని నేను గట్టిగా కోరుకుంటాను. అయితే ఉన్నచోటే కట్టేటప్పుడు లెక్కలోకి వచ్చేది గుడిసె ఎవరిదో వాళ్లే. ఆ గుడిసెలో కిరాయికి ఉన్నవాళ్లు జాబితా బయటే మిగిలిపోయే ప్రమాదం ఉంది. మీ బస్తీలో సర్వే జరుగుతుంటే కిరాయిదారుగానైనా మీ పేరు రాయించుకోండి.

రెండో దారి కేంద్రానిది, ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0. 2024 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది, లక్ష్యం కోటి కుటుంబాలు. ఇందులో నాలుగు రకాలున్నాయి. సొంత జాగలో కట్టుకునేవాళ్లకు సాయం, సర్కారు లేదా బిల్డర్ కట్టే అపార్టుమెంట్లలో ఫ్లాటు, కిరాయికిచ్చే ఇళ్లు, లోను మీద వడ్డీ రాయితీ. జాగ లేనివాళ్లకు చివరి మూడే పనికొస్తాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షల లోపైతే బాగా పేదల కోటా, 6 లక్షల దాకా తక్కువ ఆదాయం, 9 లక్షల దాకా మధ్య ఆదాయం.

కిరాయికిచ్చే ఇళ్ల విభాగం వలస కూలీలు, ఫ్యాక్టరీ పనివాళ్లు, ఉద్యోగం చేసే ఆడవాళ్లు, వీధి వ్యాపారుల కోసం పెట్టింది. ఖాళీగా ఉన్న సర్కారు ఇళ్లను బాగుచేసి కిరాయికివ్వడం ఒక పద్ధతి, కొత్తగా కట్టడం మరో పద్ధతి. మీరు ఇండస్ట్రియల్ ఏరియాలో పనిచేస్తుంటే అలాంటివి దగ్గర్లో వస్తున్నాయేమో మున్సిపల్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

వడ్డీ రాయితీ లెక్క కొంచెం విడమరచి చెప్తాను, ఎందుకంటే దీన్ని చూపించి లోన్లు అంటగట్టేవాళ్లున్నారు. ఇల్లు 35 లక్షల లోపు, లోను 25 లక్షల లోపు ఉండాలి. మొదటి 8 లక్షల మీద 12 ఏళ్ల వరకు 4 శాతం వడ్డీ రాయితీగా లెక్కగట్టి, మొత్తం 1.80 లక్షల దాకా ఐదు ఏడాది విడతల్లో లోను ఖాతాలో వేస్తారు. ఏడాదికి 36,000 అంటే నెలకు 3,000 కలిసొచ్చినట్టు, అదీ ఐదేళ్లే. 8 లక్షలు 9 శాతం వడ్డీకి 12 ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 9,100 పడుతుంది. ఇప్పుడు కట్టే కిరాయి 6,000 అయి, రోజు కూలి మీద బతుకుతుంటే, పని లేని నెలలో ఏం చేస్తారో ముందే ఆలోచించుకోండి. నెల జీతం నిలకడగా వచ్చే ఇంటికి ఇది మంచి సాయం. కూలి పని ఇంటికి మాత్రం తీసుకోమని నేను చెప్పను.

రెండు దారులకూ కలిపి వర్తించే షరతులు: దేశంలో ఎక్కడా మీ పేరనగానీ, భార్య లేదా భర్త పేరనగానీ, పెళ్లికాని పిల్లల పేరనగానీ పక్కా ఇల్లు ఉండకూడదు. కేంద్ర పథకంలో గత 20 ఏళ్లలో ఏ సర్కారు ఇంటి సాయమూ తీసుకుని ఉండకూడదు. ఇక్కడ చాలామందికి టెన్షన్ ఊళ్లో ఉన్న అమ్మానాన్నల ఇంటి గురించి. ఆ ఇల్లు నాన్న పేరున ఉండి, మీకు పెళ్లై వేరే కాపురం ఉంటే అది మీ ఇల్లు కాదు. కానీ మీ పేరు ఇంకా నాన్న రేషన్ కార్డులోనే ఉంటే మీది వేరే కుటుంబమని ఎలా నమ్ముతారు? ముందు కార్డు వేరు చేసుకోండి.

రెండో మెట్టు: కిరాయి కాగితం రాయించుకోండి

‘మా ఓనర్ మంచోడు సార్, కాగితం ఎందుకు’ అంటారు. మంచివాడైతే కాగితం రాయడానికి ఇబ్బంది పడడు. ఓనర్లు భయపడేది ఇల్లు మన పేరున అయిపోతుందేమోనని. కిరాయి కాగితంతో ఇల్లు ఎవరి పేరా మారదు. రిజిస్ట్రేషన్ ఖర్చూ తిరుగుడూ లేకుండా ఉండేందుకు చాలామంది 11 నెలలకే రాసుకుంటారు. ఈ మాట నెమ్మదిగా చెప్తే చాలామంది ఒప్పుకుంటారు.

స్టాంపు కాగితం మీద రాయించి నోటరీ చేయించండి. అందులో ఇవి తప్పకుండా ఉండాలి: భార్యాభర్తలిద్దరి పేర్లూ ఆధార్‌లో ఉన్నట్టే, ఇంటి నంబరుతోపాటు ఎన్నో అంతస్తు, ఏ పోర్షన్, కరెంటు మీటరు మీది యూఎస్‌సీ నంబరు (కనెక్షన్ గుర్తింపు నంబరు), కిరాయి ఎంత, అడ్వాన్స్ ఎంత, నీళ్ల బిల్లు ఎవరిది, ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి. భర్త పేరు ఒక్కటే రాస్తే తర్వాత ఇబ్బంది. సర్కారు ఇల్లు ఇచ్చేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల పేరున లేదా ఇద్దరి పేరున. ఆమె ఆ గదిలో ఉంటుందన్న రుజువే ముందు అడుగుతారు.

ఓనర్ ససేమిరా అంటే వేరే ఆనవాళ్లు పోగుచేయండి. కిరాయి ఫోన్‌పేలో వేస్తూ నోట్‌లో ‘జూలై కిరాయి, ఫలానా ఇంటి నంబరు’ అని రాయండి. గ్యాస్ కనెక్షన్ ఈ చిరునామాకు మార్చుకోండి. బడిలో పిల్లల చిరునామా మార్పించండి. అంగన్‌వాడీలో చంటిపిల్ల పేరు రాయించండి. పండగకు వచ్చిన కొరియర్ కవరును కూడా పారేయకండి.

మూడో మెట్టు: అన్ని కాగితాల్లో ఒకే పేరు

ఇడ్లీ బండి అక్క కాగితాలన్నీ బ్రెడ్డు కవర్లో పెట్టి తెచ్చింది, బియ్యం డబ్బాలో దాచుకుంటుందట. నేల మీద వరసగా పరిచి చూశాం. ఆధార్‌లో పేరు చివర ‘అమ్మ’ ఉంది, రేషన్ కార్డులో లేదు. బ్యాంకు పుస్తకంలో పుట్టింటి ఇంటిపేరు. ఓటరు కార్డులో భర్త పేరు తప్పు. వయసు ఆధార్‌లో 41, ఓటరు కార్డులో 46. ఒక్క మనిషి నాలుగు కాగితాల్లో నలుగురిలా ఉంది. కంప్యూటర్ వీటిని కలపలేదు, దరఖాస్తు పక్కకు పోతుంది.

ఆధార్‌ను మూలంగా పెట్టుకుని మిగతావి దానికి సరిచేయండి. ఆధార్‌లోనే తప్పుంటే ముందు అది దిద్దించండి, కానీ జాగ్రత్తగా. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. తొందరపడి తప్పు దిద్దిస్తే మళ్లీ అవకాశం ఉండదు. చిరునామాకు అలాంటి పరిమితి లేదు. మీ పేరున ఏ బిల్లూ లేకపోతే ఆధార్ వాళ్ల ఫారం మీద గెజిటెడ్ అధికారిగానీ ఎమ్మెల్యేగానీ ఫొటో అంటించి సంతకం చేసిచ్చినా ఒప్పుకుంటారు. ఇంట్లో ఒకరి ఆధార్ మారితే, మిగతావాళ్లు కుటుంబ పెద్ద ఆధార్ ఆధారంగా ఆన్‌లైన్లో మార్చుకోవచ్చు. ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు పనిచేస్తుందో లేదో చూసుకోండి. పాత సిమ్ పోగొట్టుకుని, ఓటీపీ రాక ఆగిపోయిన దరఖాస్తులు చాలా చూశాను.

ఓటరు కార్డుకు ఫారం 8. గది మారిన ప్రతిసారీ అదే. ఆదాయం, కులం సర్టిఫికెట్లు మీ సేవలో. ఆదాయం సర్టిఫికెట్ పాతదైతే తీసుకోరు, దరఖాస్తుకు ముందే కొత్తది తెచ్చుకోండి. రేషన్ కార్డుకు పట్టణాల్లో ఏడాది ఆదాయం 2 లక్షల లోపు, ఊళ్లలో లక్షన్నర లోపు ఉండాలి. బ్యాంకు ఖాతా ఆధార్‌కు కలిసి ఉండటం, సర్కారు డబ్బు అందులోకి వచ్చేలా ఉండటం రెండు వేరువేరు సంగతులు. రెండూ అయ్యాయా అని బ్యాంకులో గట్టిగా అడగండి.

ఇంట్లో 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్లుంటే సదరం సర్టిఫికెట్ తప్పకుండా పెట్టండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం సర్కారు ఇళ్ల కేటాయింపులో 5 శాతం వాళ్లకు, అందులోనూ ఆడవాళ్లకు ప్రాధాన్యం. బండి, తోపుడు బండి ఉన్నవాళ్లు వీధి వ్యాపారి గుర్తింపు కార్డు, భవన కార్మికులు లేబర్ కార్డు జత చేయండి. కేంద్ర పథకంలో వీళ్లతోపాటు పారిశుధ్య కార్మికులు, అంగన్‌వాడీ వర్కర్లు, ఒంటరి ఆడవాళ్లకు ప్రత్యేక దృష్టి పెట్టాలని మార్గదర్శకాల్లోనే ఉంది.

నాలుగో మెట్టు: దరఖాస్తు, విచారణ

కేంద్ర పథకానికి ఆవాస్ యోజన పట్టణ పోర్టల్‌లో మీరే పెట్టుకోవచ్చు, లేదా కామన్ సర్వీస్ సెంటర్లోగానీ మున్సిపల్ ఆఫీసులోగానీ. మొదట అర్హత ప్రశ్నలు వస్తాయి. మీరు ఏ రకం ఎంచుకుంటున్నారో అక్కడే అడుగుతుంది. జాగ లేనివాళ్లు సొంత జాగలో కట్టుకునే రకం నొక్కేస్తే తర్వాత జాగ కాగితం అడుగుతుంది, దరఖాస్తు అక్కడే ఆగుతుంది. ఇంట్లో అందరి ఆధార్ నంబర్లూ దగ్గర పెట్టుకోండి. చివర్లో వచ్చే అప్లికేషన్ నంబరును ఫోన్లో ఫొటో తీయడమే కాదు, రేషన్ కార్డు వెనక పెన్నుతో రాసుకోండి. ఫోన్లు పగులుతాయి, పోతాయి.

ఇందిరమ్మకు 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన అనే సర్కారు కార్యక్రమంలో దరఖాస్తులు తీసుకున్నారు. ఆ రశీదు ఉంటే మీ పేరు ఏ జాబితాలో ఉందో పథకం వెబ్‌సైట్లో చూసుకోవచ్చు. తప్పు జాబితాలో పడితే, ఊళ్లో నాన్నకు జాగ ఉందని మిమ్మల్ని ఎల్1లో వేస్తే, ఊరుకోకండి. రాతపూర్వకంగా ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. హైదరాబాద్‌లో ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాలు. ఏ కాగితం ఇచ్చినా జిరాక్స్ మీద ముద్ర వేయించుకోండి. ముద్ర లేనిది ఇవ్వనట్టే లెక్క.

విచారణ ఎప్పుడొస్తుందో ముందు చెప్పకపోవచ్చు. ఇద్దరూ పనికి పోయే ఇళ్లకు ఇదే పెద్ద సమస్య. మూడు పనులు చేయండి. పక్క పోర్షన్ వాళ్లకు, కిరాణా షాపు ఆయనకు మీ పూర్తి పేరు, ఫోన్ నంబరు తెలిసి ఉండాలి. ‘ఇడ్లీ బండి అక్క’ అని తెలిస్తే చాలదు, కార్డులో ఉన్న పేరు తెలియాలి. తలుపు మీద పేరూ నంబరూ రాసిన అట్టముక్క అంటించండి. కాగితాల జిరాక్సు సెట్టు ఒకటి ఇంట్లో పెద్దవాళ్ల దగ్గరో పక్కింట్లోనో పెట్టండి. విచారణలో ఇంటి ముందు నిలబెట్టి ఫొటో తీస్తే ఆ చోటు కూడా నమోదవుతుంది. వాళ్లు అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పండి. ఊళ్లో అరెకరం పొలం ఉంటే ఉందనే చెప్పండి. పొలం ఇల్లు కాదు. దాచి దొరికిపోతే మాత్రం మిగతావన్నీ అనుమానంగా చూస్తారు.

ఆరునెలలైనా కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. తెల్ల కార్డు జిరాక్సు పెడితే ఫీజు లేదు. జవాబు 30 రోజుల్లో రావాలి. ‘నా ఇల్లు ఎందుకు రాలేదు’ అని రాస్తే పనికొచ్చే జవాబు రాదు. ఇలా రాయండి: ‘నా అప్లికేషన్ నంబరు ఫలానా. దీనిపై క్షేత్ర విచారణ ఏ తేదీన, ఏ చిరునామాలో జరిగింది? విచారణ నివేదిక ప్రతి ఇవ్వగలరు. ప్రస్తుతం ఇది ఏ జాబితాలో ఉంది, ఏ కారణంతో?’ అక్క విషయం బయటపడింది ఈ మూడు ప్రశ్నల వల్లే. పాత గది చిరునామా మీద ‘లేరు’ అన్న రాత ఆ ప్రతిలో కనబడింది. దాన్ని పట్టుకునే మళ్లీ విచారణ కోరగలిగాం.

ఐదో మెట్టు: ఎదురుచూసే ఏళ్లలో గది కాపాడుకోవడం

ఏడుగురిలో ఒకరి లెక్క గుర్తుంది కదా. ఇల్లొచ్చేదాకా కిరాయి గదే మన ఇల్లు.

గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు, కిరాయిదారులకూ వర్తిస్తుంది. 2024 మార్చి నుంచి నడుస్తోంది. రేషన్ కార్డు, ఆధార్, ఆ మీటరు నంబరు మూడూ కలిపి నమోదు కావాలి. 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి. మూడు పోర్షన్లకు ఒకే మీటరు ఉన్న ఇంట్లో దిగితే 200 ఇట్టే దాటుతుంది, సబ్‌మీటరు పెట్టి ఓనర్ యూనిట్‌కు ఇంతని వసూలు చేస్తాడు. కాబట్టి గది చూసేటప్పుడు నీళ్లెన్ని రోజులకొస్తాయని అడిగినట్టే మీటరు వేరుగా ఉందా అని అడగండి. వేరే మీటరున్న గదికి రెండు మూడు వందలు ఎక్కువైనా లాభమే. గది మారాక మీటరు నంబరు మార్పించుకోవడం మర్చిపోకండి, పాత గదిలో దిగినవాళ్లకూ అదే అడ్డమవుతుంది.

ఓనర్ వెంటనే పొమ్మంటే? నీళ్లు ఆపడం, కరెంటు తీసేయడం, సామాను బయట పడేయడం చట్టం ఒప్పుకోదు. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం తెలంగాణలో ఉంది, కిరాయి కట్టకపోవడం, వేరేవాళ్లకు కిరాయికివ్వడం, ఓనర్‌కు సొంత అవసరం లాంటి కారణాలతోనే రెంట్ కంట్రోలర్ దగ్గర ఖాళీ చేయించుకోవాలి. కానీ కార్పొరేషన్ పరిధిలో కిరాయి 3,500 దాటితే ఆ చట్టం వర్తించదు. ఇప్పుడు హైదరాబాద్‌లో 3,500కి గది దొరకడమే కష్టం కాబట్టి మనలో చాలామంది దాని బయటే ఉన్నాం. ఈ హద్దు పెంచాలని అడగాల్సిన అవసరం నిజంగా ఉంది. బయట ఉన్నవాళ్లకూ 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, కాగితంలో వేరేలా రాసుకోకపోతే, నెలవారీ కిరాయికి కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ తర్వాతా బలవంతంగా గెంటకూడదు, కోర్టుకు వెళ్లాలి.

ఓనర్ కావాలనే కిరాయి తీసుకోకుండా ‘కట్టలేదు’ అనిపించే ఎత్తు వేస్తే, అదే వారం మనీ ఆర్డర్ పంపండి. తిరిగొచ్చిన రశీదు మీకు రక్ష. గొడవ ముదిరితే 15100కు ఫోన్ చేయండి, అది న్యాయ సేవల నంబరు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ ఆఫీసు ఉంటుంది.

ఆరో మెట్టు: ఇల్లొచ్చాక, దళారి వచ్చాక

డబుల్ బెడ్‌రూం ఇళ్లకు 2023లో విడతలవారీగా కంప్యూటర్ లాటరీ తీశారు. లాటరీలో పేరు ‘ఎక్కించడం’ ఎవరి చేతిలోనూ ఉండదు. ‘యాభై వేలివ్వు, లిస్టులో పెడతా’ అనేవాడు వందమంది దగ్గర తీసుకుంటాడు, లాటరీలో తగిలిన పదిమందికి తానే ఇప్పించానంటాడు, మిగతావాళ్లకు వచ్చే నెల అంటాడు. ఇంకో మోసం: ఇల్లొచ్చినవాళ్లు దూరమని అక్కడ ఉండక తెల్లకాగితం మీద అమ్మడం, కిరాయికివ్వడం. ఆ ఇళ్లు అమ్మకూడదు, కిరాయికివ్వకూడదు. తనిఖీలో తేలితే కేటాయింపు పోతుంది, మీరు కట్టిన డబ్బుకు ఎవరూ జవాబుదారీ కారు.

దూరం గురించి నిజాయితీగా మాట్లాడుకోవాలి. నాలుగిళ్లలో పనిచేసే ఆమె శివారుకు పోతే పొద్దున ఆరింటికి పని దగ్గర ఉండలేదు. ఒప్పుకునే ముందు ఒక పనిరోజున, ఆదివారం కాదు, అక్కడి నుంచి మీ పని చోటుకు బస్సులో వెళ్లి చూడండి. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి ఖర్చు ఆడవాళ్లకు తగ్గుతుంది, టైము తగ్గదు. అక్కడ బడి ఎంత దూరం, చివరి బస్సు ఎన్నింటికి, లిఫ్టు పనిచేస్తోందా, మెయింటెనెన్స్ ఎంత అని అప్పటికే దిగినవాళ్లను అడగండి. రేషన్ విషయంలో భయం లేదు, కార్డు ఏ షాపుదైనా ఎక్కడైనా బియ్యం తీసుకోవచ్చు. ఇదంతా చూశాక కూడా, వెళ్లగలిగితే వెళ్లమనే చెప్తాను. ఖాళీ చేయమనే మాట వినకుండా పిల్లలు పెరగడం చిన్న విషయం కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లకు దారి కొంచెం వేరు. అక్కడ జాగ కూడా సర్కారే ఇస్తుంది. గత ప్రభుత్వంలో పట్టణాల్లో సెంటు, ఊళ్లలో సెంటున్నర ఇచ్చారు. ఇప్పటి ప్రభుత్వం పట్టణాల్లో రెండు, ఊళ్లలో మూడు సెంట్లు అంటోంది. దరఖాస్తు మీ వార్డు సచివాలయంలో. సర్కారు సంస్థ టిడ్కో కట్టే ఫ్లాట్లు 300, 365, 430 చదరపు అడుగుల్లో ఉన్నాయి. పెద్ద ఫ్లాట్లకు బ్యాంకు లోను ముడిపడి ఉంటుంది, సంతకం పెట్టే ముందు ఈఎంఐ ఎప్పటి నుంచి మొదలవుతుందో రాతపూర్వకంగా అడగండి. కాగితాల సంగతి మాత్రం ఇక్కడైనా అక్కడైనా ఒక్కటే.

గది మారే రోజున ఏం చేయాలో అక్కకు ఒక అట్ట మీద రాసిచ్చాను: కొత్త కిరాయి కాగితం, ఆధార్ చిరునామా, ఫారం 8, మీటరు నంబరు, గ్యాస్, దరఖాస్తు ఉన్న ఆఫీసులో చిరునామా మార్పు అర్జీ, దాని మీద ముద్ర. మొన్న ఏడో గదికి మారింది. ఆటోలో ఇడ్లీ పాత్రలు, గ్యాస్ బండ, రెండు మడత కుర్చీలు. బ్రెడ్డు కవరు బదులు జిప్పున్న ఫైలు కొనుక్కుంది, దాన్ని మాత్రం ఆటోలో పెట్టకుండా చంకలో పెట్టుకుని నడిచింది. సాయంత్రానికే ఫోన్ చేసింది: ‘అన్నా, అట్ట మీద ఆరోది తప్ప అన్నీ షురూ చేసిన. సోమవారం బండి పెట్టను, కలెక్టర్ ఆఫీసుకు పోతా.’